నడిమి తప్పని పనితనం

పంటి వైద్యం మీద తెలుగులో పుస్తకాలు లేకపోలేదు. పళ్లు ఎలా తోముకోవాలో, పిల్లల పాలపళ్లు ఎలా కాపాడుకోవాలో చెప్పేవే వాటిలో ఎక్కువ. పంటిని చెక్కే పనిముట్టు ఎలా తయారవుతుందో మొదటి పుట నుంచి చివరి పుట దాకా చెప్పిన పుస్తకం మాత్రం నేను చూసినంతలో ఇదొక్కటే. రాసినవారు డాక్టరు కారు. బాలానగర్‌లో లేత్ మీద, గ్రైండింగ్ మెషీన్ మీద చెయ్యి తిరిగిన టూల్ మేకర్. దంతవైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన నన్ను వెతుక్కుంటూ వచ్చి ముందుమాట అడిగారు. రాతప్రతి చదవడం మొదలుపెట్టిన రాత్రే ఒప్పుకున్నాను. నా వృత్తి అంతా వేళ్ల మధ్య నడిచిన వస్తువు పుట్టుపూర్వోత్తరాలు ఇందులో ఉన్నాయి మరి.

ఆ వస్తువు పేరు బర్. రోగి కళ్లకు కనబడేది హ్యాండ్‌పీస్, చెవులకు వినబడేది దాని చప్పుడు. పంటిని తాకేది మాత్రం దాని కొనలో బిగించిన రెండు సెంటీమీటర్ల సన్నటి లోహపు కడ్డీ.

గ్రంథకర్త కథను మెహర్‌గఢ్ నుంచి ఎత్తుకున్నారు. బలూచిస్తాన్‌లోని ఆ ప్రాచీన శ్మశానంలో తొమ్మిదిమంది పెద్దవాళ్ల దవడపళ్లు పదకొండింటికి రంధ్రాలు వేసి ఉన్నాయని 2006లో నేచర్ పత్రికలో అచ్చయింది. అవి ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ల నాటివి. చెకుముకిరాతి మొనతో వేసిన రంధ్రాలు! అక్కడి నుంచి ఆయన ఒక్క అంగలో 1871కి వస్తారు. మోరిసన్ అనే అమెరికన్ కాలితో తొక్కితే తిరిగే డెంటల్ ఇంజిన్‌కు పేటెంటు తీసుకున్న ఏడాది అది. 1875లో గ్రీన్ కరెంటుతో తిరిగే డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. 1932లో జర్మనీలో డ్రెండెల్ స్టీలు మీద వజ్రపు రవ్వలు అతికే పద్ధతి కనిపెట్టారు. 1949లో న్యూజిలాండ్‌లో జాన్ వాల్ష్ గాలితో తిరిగే టర్బైన్‌కు పేటెంటు పొందారు. 1957లో వాషింగ్టన్ దంతవైద్యుడు బోర్డెన్ తెచ్చిన ఎయిరోటర్ నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగింది. నేను చదువుకునే రోజుల్లో కళాశాలలో తాడుతో తిరిగే ఇంజిన్లు ఇంకా ఉండేవి. స్టీలు బర్ పెట్టి పింగాణీ పొరను చెక్కుతుంటే రోగి తల మొత్తం అదిరేది. అది కళ్లారా చూసినవాణ్ణి కనుక ఈ అధ్యాయం నన్ను కదిలించింది.

వేగం పెరిగాక బర్‌కు పెట్టే పరీక్షే మారిపోయింది. దీన్ని గ్రంథకర్త ఒక చిన్న లెక్కతో చూపించారు. 1.6 మిల్లీమీటర్ల తల ఉన్న బర్ నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు పాతిక మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు తొంభై కిలోమీటర్లు. హైవే మీద కారు వేగం, నాలుకకూ బుగ్గకూ మధ్య! ఆ తల ఇరుసుకు కాస్త పక్కకు జరిగి ఉందనుకోండి. సెకనుకు ఐదు వేల చుట్లు కదా, ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ పంటి మీద పడుతుంది. పింగాణీ పొరలో సన్నటి పగుళ్లు పుడతాయి, హ్యాండ్‌పీస్ బేరింగులు అరిగిపోతాయి, రోగి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాడు. మేకు నడిమిన పడని బొంగరాన్ని ఎంత మంచి కర్రతో చేసినా ఊగక మానదు. నాణ్యత అనగానే డాక్టర్లు పదును గురించి మాట్లాడతారు. పదును కంటే ముందు నడిమి అని ఈ పుస్తకం వాదిస్తుంది. నా అనుభవం ఆ వాదాన్ని పూర్తిగా బలపరుస్తోంది.

ఆయన వర్క్‌షాప్‌కు వెళ్లి ఆ నడిమిని చూసే పద్ధతి స్వయంగా చూశాను. కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న కాలెట్, ఎదురుగా డయల్ గేజ్. ఒక అమ్మాయి బర్ కాడను కాలెట్‌లో బిగించి, గేజ్ మొనను తలకు ఆనించి వేలితో మెల్లగా తిప్పుతోంది. సూది నిలబడితే కుడి ట్రే, రెండు గీతలు దాటి వణికితే ఎడమ ట్రే. ఎడమ ట్రేలోవి నా కంటికి నిక్షేపంగా కనిపించాయి. భూతద్దం కింద పెట్టినా తప్పు కనబడలేదు. వాటిని ఏం చేస్తారని అడిగితే, ఏ మెషీన్ మీద, ఏ పూట తయారైనవో రాసిపెట్టి తుక్కులో వేస్తారని చెప్పింది. తక్కువ ధరకు కూడా అమ్మరట. ఈ పుస్తకం విలువ నాకు ఆ ట్రే దగ్గర పూర్తిగా అర్థమైంది.

కాడ గురించిన అధ్యాయం చదవడానికి కష్టమే, కానీ వదిలిపెట్టకూడదు. టర్బైన్‌లో పెట్టే బర్ కాడ వ్యాసం 1.6 మిల్లీమీటర్లు. టాలరెన్స్ మిల్లీమీటరులో నూరో వంతు, అంటే వెంట్రుక మందంలో ఏడో వంతో ఎనిమిదో వంతో. అంతకంటే లావైతే చక్‌లోకి దూరదు. సన్ననైతే పట్టు చాలక, తిరుగుతూ తిరుగుతూ నోట్లోకి జారిపోతుంది. రోగి దాన్ని మింగవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పీల్చవచ్చు కూడా. సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో ఈ నూరో వంతును రోజంతా నిలబెట్టడానికి కూలెంట్ వేడి, చక్రం అరుగుదల, ఆపరేటరు ఓపిక అన్నీ కలిసి రావాలి. షిఫ్టు మొదట్లో వచ్చిన కొలత షిఫ్టు చివర్లో ఎందుకు రాదో ఆయన రాసిన నాలుగు పుటలూ ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠంగా పెట్టదగినవి.

వజ్రపు బర్ తయారీ అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. లేత్ మీద తల ఆకారానికి కోసిన స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను ముందు జిడ్డు పోయేలా కడగాలి. తరవాత యాసిడ్‌లో ముంచాలి. వేలిముద్ర పడినా ఆ చోట నికెల్ పొర లేచిపోతుంది. ఆ తరవాత నికెల్ తొట్టిలో, వజ్రపు రవ్వల్లో తలను పాతి కరెంటు పెడతారు. పల్చటి నికెల్ పొర ఒక్క వరస రవ్వలను పట్టుకుంటుంది. పట్టు దొరకని రవ్వలను దులిపేసి మళ్లీ తొట్టిలో దించుతారు. ఇప్పుడు నికెల్ రవ్వల మధ్య నెమ్మదిగా పైకి పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే విద్య. రవ్వ సగం మునిగేలోపే ఆపితే మొదటి పంటికే రాలిపోతుంది. ముప్పాతిక దాటి మునిగిందంటే పైకి మొన మిగలదు, చెక్కిన పొడి జారిపోయే సందూ ఉండదు. తొందరపడి కరెంటు పెంచితే పొర గరుకుగా, పెళుసుగా మాడినట్టు వస్తుంది. ఆయన సూక్ష్మదర్శిని కింద తీసిన ఫొటోలు రెండు పక్కపక్కన ఇచ్చారు. ఒకదానిలో రవ్వలు దూరదూరంగా నిలిచి ప్రతిదీ మొన చూపిస్తోంది. రెండోదానిలో గుంపులు గుంపులుగా నికెల్‌లో కూరుకుపోయాయి. డబ్బాలో చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి.

కార్బైడ్ బర్ అధ్యాయం క్లుప్తంగా ఉంది. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి అచ్చులో నొక్కి, సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. అప్పుడది ప్రతి కొలతలోనూ ఇంచుమించు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును ముందే లెక్కగట్టి అచ్చు చేయాలి. దాన్ని స్టీలు కాడకు అతికి, వజ్రపు చక్రంతో అలుగులు కోయాలి. చెక్కడానికి ఆరో ఎనిమిదో అలుగులు, నునుపు చేయడానికి పన్నెండు, ఆపైన. అతుకు దగ్గర విరిగే బర్ల గురించి ఇంకొంచెం విపులంగా రాసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. పొడి లోహశాస్త్రానికి హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ ఉంది. టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది. ఈ విద్యకు మన గడ్డ మీద దిక్కు లేదనే మాట ఇక చెల్లదు.

ఇదంతా డాక్టరుకు ఎందుకు? మొండిబారిన బర్‌తో చెక్కే చెయ్యి తనకు తెలియకుండానే నొక్కుతుంది. నొక్కితే వేడి పుడుతుంది. జాక్, కోహెన్ 1965లో కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో, పంటి లోపలి గుజ్జు వేడి ఐదున్నర డిగ్రీలు పెరిగేసరికి నూటికి పదిహేను పళ్లలో గుజ్జు కోలుకోలేదు. నీళ్ల ధార ఎంత ఉన్నా చెడ్డ బర్ చేసే చెరుపును పూర్తిగా ఆపలేదు. పుప్పి తీయించుకుని ఇంటికెళ్లిన మనిషికి నెల తిరక్కుండానే రాత్రిపూట పన్ను సలుపుతుంటే, దానికి కారణం తుక్కులో పడాల్సింది డబ్బాలోకి చేరిన ఒక బర్ కావచ్చు.

బర్ల డబ్బాల మీద ఉండే పదిహేను అంకెల ఐఎస్ఓ సంఖ్యను చదవడం కూడా ఆయన నేర్పించారు. 806 అంటే నికెల్‌తో పట్టించిన వజ్రం, 314 టర్బైన్ కాడ, 001 గుండ్రటి తల, 524 మధ్యరకం గరుకు, చివరి 014 తల వ్యాసం 1.4 మిల్లీమీటర్లు. ఇది తెలిసినవాడిని దుకాణంలో ఎవరూ మాయ చేయలేరు. ఈ సంఖ్యల పట్టికను వచ్చే కూర్పులో పుస్తకం చివర విడిగా ఇవ్వమని ఆయనతో చెప్పాను.

నా కోరిక మరొకటి ఉంది. పంటి వేరు శుభ్రం చేసే ఫైళ్ల సంగతి ఇందులో లేదు. 1988లో వాలియా, సహచరులు పళ్లకు కట్టే నిటినాల్ తీగను చెక్కి ఫైలు చేసి చూపించారు. ఆ లోహంతోనే యంత్రానికి తిరిగే ఫైళ్లు తరవాత వచ్చాయి. వంకర వేరులో అవి ఎందుకు వంగుతాయో, ఏ గీత దగ్గర విరుగుతాయో గ్రైండింగ్ మెషీన్ ముందు నిలబడినవారే సాధికారంగా రాయగలరు. ఆ సంపుటం ఆయన చేతి మీదుగానే రావాలి. నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండి రాయాలని ఆశీర్వదిస్తున్నాను. అంతవరకు ప్రతి దంతవైద్య కళాశాల గ్రంథాలయంలోనూ ఈ పుస్తకం ప్రతులు రెండు ఉండాలి. ఒకటి విద్యార్థులకు, ఒకటి బర్ల కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టేవారికి.