కంటికి ఆనని వెలుగు

అమెరికాలో న్యూజెర్సీలోని పార్సిప్పనీలో కొయ్యసామాను తయారీదారు గుస్తావ్ స్టిక్లీ 1911లో కట్టించిన దుంగల ఇల్లు ఉంది. ఆ స్థలంలోనే కొట్టిన చెస్ట్‌నట్ దుంగలు, అక్కడే దొరికిన రాళ్ళు. ఆయన చేయించిన కొయ్యసామాను మీది ముద్రలో ఒక ఫ్లెమిష్ మాట ఉంటుంది: 'నాకు చేతనైనంత' అని దానర్థం. ఇన్‌ఫ్రారెడ్ నలుపు తెలుపు ఫిల్మ్‌తో మొదటి రీలు ఈ ఇంటి ముందు తీస్తే, ఆ మాట విలువ చేతులకు తెలుస్తుంది.

నిండు ఎండలో ఇక్కడి ఆకులు ఫొటోలో మల్లెల్లా వస్తాయి. పత్రహరితం ఎర్రని వెలుగును తాగేస్తుంది, దానికి ఆవలి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను వదిలేస్తుంది. ఆకు లోపలి కణాలూ వాటి మధ్య గాలి ఖాళీలూ ఆ కిరణాలను వెనక్కి చిమ్ముతాయి. నీలాకాశం నల్లబడుతుంది. ఇలాంటి చిత్రాలను 1910లో లోకానికి చూపినవాడు అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్.

కొడాక్ వారి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ హెచ్ఐఈ తయారీ 2007లో ఆగిపోయింది. కొత్తవారు రోలై ఇన్‌ఫ్రారెడ్ 400తో మొదలుపెట్టవచ్చు. ఫిల్మ్‌ను నీడలో కెమెరాకు ఎక్కించాలి. 720 నానోమీటర్ల ఫిల్టర్ తొడిగితే వ్యూఫైండర్ దాదాపు చీకటి. అందుకే ముందు ట్రైపాడ్ నిలిపి, దృశ్యం కుదుర్చుకుని, ఫోకస్ చేయాలి. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు మామూలు వెలుగు కన్నా కాస్త వెనగ్గా కేంద్రీకృతమవుతాయి. పాత లెన్సుల మీది ఎర్ర గుర్తు ఆ తేడాను సరిదిద్దడానికే. ఫోకస్ దూరాన్ని ఆ గుర్తుకు జరిపి, ఆఖరున ఫిల్టర్ పెట్టాలి. ఎఫ్/11 దగ్గర 1/15, 1/8, 1/4 సెకన్లతో మూడు ఫ్రేములు తీస్తే ఒకటైనా కుదురుతుంది. మీటరుకు ఈ వెలుగు సరిగా అందదు కాబట్టి ఏది కుదిరిందో నోటుపుస్తకంలో రాసుకోవడమే అసలు మీటరు.

ఫిల్మ్ కడగడం కూడా గుడ్డి పనే. గుడ్డి చీకట్లో వేళ్ళు అంచులు తడుముతూ ఫిల్మ్‌ను రీలుకు చుడతాయి. ట్యాంకు మూత పడ్డాక డి-76 డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర పోయాలి. ఫిల్మ్‌కు చెప్పిన సమయమంతా నిమిషానికోసారి మెల్లగా తిప్పాలి. తర్వాత స్టాప్ బాత్, ఫిక్సర్, నీళ్ళు. వేడి ఒక డిగ్రీ మారినా, చెయ్యి తొందరపడినా నెగటివ్ దాచిపెట్టదు.

ఆరిన నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, మల్లెలు కావలసిన ఆకులు కాటుకంత నల్లగా, చిక్కని వెండిగా కనిపిస్తాయి. ఆ ఎండలో నిలబడ్డప్పుడు కంటికి ఆనని వెలుగు అదే. చేతనైనంత చేసిన చేతికి ఇప్పుడు కనిపిస్తోంది.