చేతికిచ్చిన డబ్బు లెక్కకు రాదు

ధర్మపురి చుట్టుపక్కల చిన్న యజమానులకు హాజరుపట్టీలు, జీతాల రిజిస్టర్లు రాసిపెట్టడం నా పని. గ్రానైట్ కోసే షెడ్లవాళ్లు, ఇళ్లు కట్టే మేస్త్రీలు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి వీళ్లలో.

పనిలో మనిషి పోతే వీళ్లు ముందు చేసేది ఊరి పెద్దలను కూర్చోబెట్టడం. ఒక మొత్తం అనుకుంటారు, స్టాంపు పేపరు మీద "ఇకపై మాకు ఏ హక్కూ లేదు" అని రాయించి భార్యతో వేలిముద్ర వేయిస్తారు. "వాళ్లు మనోళ్లే అన్నా, చేతికిచ్చేస్తే సరిపోదా?" అని అడిగాడొక షెడ్డు యజమాని. ఆయనది మోసబుద్ధి కాదు. ఆ డబ్బు అప్పు చేసి తెచ్చిందే.

సరిపోదు. హక్కు వదులుకుంటున్నామని రాసిచ్చిన కాగితం చెల్లదని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది. చనిపోయిన కార్మికుడి పరిహారాన్ని ఆ చట్టం కింద నియమించిన కమిషనర్ దగ్గరే జమ చేయాలనీ, నేరుగా కుటుంబానికిచ్చింది పరిహారం కిందకు రాదనీ కూడా చెప్పింది. ముందుగా ఇచ్చిన కొద్దిపాటి అడ్వాన్సును మాత్రం మినహాయిస్తారు. ఇప్పుడా చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లోకి వచ్చింది, జమ చేయాలన్న నియమం అలాగే ఉంది. ఇది యజమానిని సతాయించడానికి పెట్టింది కాదు. పెద్దల ముందు లెక్కపెట్టిన నోట్లు ఏ బావగారి చేతికో, ఏ అప్పులవాడి చేతికో పోకుండా, ఆ భార్యకూ పసిపిల్లలకూ ఎవరి వాటా వాళ్లకు దక్కాలని పెట్టింది. నాకు ఈ నియమం మీద గట్టి గౌరవం ఉంది.

లెక్క చూడండి. మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి వచ్చే గుణకంతో హెచ్చిస్తారు. 35 ఏళ్లకు గుణకం 197.06. లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి 3 నుంచి గరిష్ఠంగా 15,000. అంటే 7,500ను 197.06తో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే నెలకు 14,779 రూపాయలకు పైనే. సరైన కారణం చూపకపోతే 50 శాతం దాకా జరిమానా. కోర్టు తీర్పు వచ్చాక కదా బాకీ అనుకుంటారు చాలామంది. 1975 డిసెంబరులో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది, బాధ్యత ప్రమాదం జరిగిన రోజే మొదలవుతుందని తేల్చింది. అది మోచేయి పైదాకా ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి పూర్తి అంగవైకల్యంగానే లెక్కగట్టారు.

పదిమంది పనిచేసేచోట, ఇఎస్ఐ వర్తిస్తే, 12,000 జీతం మీద యజమాని వాటా 3.25 శాతం, నెలకు 390 రూపాయలు. అది కడుతుంటే పరిహారం భారం ఆయన మీద పడదు, ఆధారపడ్డవాళ్లకు ఇఎస్ఐ కార్పొరేషనే నెలనెలా ఇస్తుంది. ఈ 390 మిగుల్చుకోవడానికి రిజిస్టరులో సగంమంది పేర్లు వదిలేయమంటారు. నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మేస్త్రీ తెచ్చిన కూలీల సంగతి. కాంట్రాక్టరు మనుషులకు కూడా అసలు యజమానే జవాబుదారీ, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. కానీ మేస్త్రీ జేబులోని పుస్తకం తీసి చూస్తే "చిన్నోడు", "సేలం రాజా", "పొడుగాయన", పక్కన గీతలు. వయసు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు. వయసు తెలియకపోతే గుణకం లేదు, ఊరు తెలియకపోతే పరిహారం అందుకునే భార్య ఎక్కడుందో తెలియదు. అందుకే నేను రిజిస్టరు రాసే ప్రతిచోటా, కొత్త మనిషి మొదటిరోజు పనిముట్టు పట్టకముందే ఈ వివరాలు రాసి, కుటుంబంలో ఎవరెవరున్నారో ఆయన నోటనే చెప్పించి సంతకం తీసుకోవాలని పట్టుబడుతున్నాను.