బడి చివర యుద్ధము

ఏ దేశమునందైనను హైస్కూలు తుది తరగతి కుటుంబమునకు గడప వంటిది. అంతవరకు బిడ్డడు ఇంటివాడు. ఆ పిమ్మట లోకమువాడు. శాంతికాలమున ఆ గడప దాటినవానికి కళాశాలయో, కొలువో, కమతమో ఎదురగును. యుద్ధకాలమున సేనాధికారి ఎదురగును. అట్టి వేళ ఇంటిలోని పెద్దలును, బడిలోని ఉపాధ్యాయులును వానికేమి చెప్పవలయును? చెప్పినదానికి వారెంతవరకు బాధ్యులు? ఈ ప్రశ్న నాశ్రయించి పాశ్చాత్యదేశములలో పెక్కు గ్రంథములు పుట్టినవి. వానిలో మూటిని నేడు విమర్శకు గైకొనుచున్నాము. ఒకటి జర్మనునిది, ఒకటి ఆంగ్లవనితది, ఒకటి అమెరికనునిది. వీనిలోని యుద్ధవర్ణనలను మెచ్చుకొన్నవారు వేనవేలు. మేము చూడదలచినది యుద్ధమునకు ముందున్న తరగతిగది.

మొదటిది ఎరిక్ మరియా రెమార్క్ వ్రాసిన నవల. ఇంగ్లీషున 'ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అను పేర లోకమెల్ల ఎరిగినది. 1928 చివర బెర్లినులోని ఒక దినపత్రికయందు వరుసగా వెలువడి, 1929లో పుస్తకరూపమున వచ్చినది. రెమార్క్ 1898లో జన్మించెను. ఉపాధ్యాయవృత్తికై చదువుచుండగా 1916లో సైన్యమునకు పిలువబడి, 1917లో గాయపడెను. యుద్ధానంతరము కొంతకాలము ప్రాథమిక పాఠశాలలయందు పాఠములు చెప్పెను. కావున బడిని ఇరువైపులనుండియు చూచినవాడు ఈ గ్రంథకర్త యని చదువరులు గుర్తుంచుకొనవలయును.

1914లో జర్మనీ ప్రభుత్వము, సైన్యమున చేరగోరు పై తరగతి విద్యార్థులకు తేలికపరచిన తుది పరీక్ష నొకదానిని కల్పించెను. చదువు ముగియకయే చదువు ముగిసినదను పత్రము చేతికి వచ్చును. దానివెంటనే తుపాకియు వచ్చును. నవలలో కాంటొరెక్ అను ఉపాధ్యాయుడు వ్యాయామపు గంటలలో దేశభక్తిని గూర్చి దీర్ఘోపన్యాసములు చేసి, తరగతి నంతటిని వెంటబెట్టుకొని పోయి సైన్యమున చేర్పించును. బేమ్ అను ఒక్క బాలుడు మాత్రము వెనుదీయును. తోడివారు వెలివేయుదురేమో యను భయమున వాడును చేరును. మొదట చచ్చినవారిలో వాడొకడు.

ఇచట రెమార్క్ చేసిన సూక్ష్మమైన పరిశీలన యొకటి గలదు. ఆ దినములలో తల్లిదండ్రుల నాలుకపైనను పిరికివాడను మాట సిద్ధముగా నుండెనట. ఈ యుద్ధము కీడని మొదటనే గ్రహించినవారు బీదసాదలట; కొంచెము కలిగినవారు సంతోషముతో ఊగిపోయిరట. చదువు వివేకము నిచ్చునని నమ్మిన మనవంటివారికి ఇది చేదుమందు. బడి పెట్టితిమి, పుస్తకములు కొంటిమి, పరీక్షలు గెలిపించితిమి అని తృప్తిపడు గృహస్థుడు ఈ పుటయొద్ద ఆగి ఆలోచింపవలయును. ఆ తరగతివారు చదువులో వెనుకబడినవారు గారు. వారికి గ్రంథజ్ఞానము కావలసినంత నేర్పబడినది; అడుగుట మాత్రము నేర్పబడలేదు.

నవలలో ఉత్తమమైన ఘట్టములు రెండని మా యభిప్రాయము. ఒకటి, మ్యూలర్ అనువాడు పాఠ్యపుస్తకములను రణరంగమునకు గూడ మోసికొనిపోవుట. వాడు పరీక్షలను కలగనును. గుండ్లు కురియుచుండగా భౌతికశాస్త్ర సూత్రములను వల్లెవేయును. ఒకనాడు మిత్రులు కూర్చుండి పాత పాఠములలోని ప్రశ్నలను ఒకరినొకరు అడుగుకొందురు. ఒక్కటియు అక్కరకు వచ్చునది కాదు. పిదప తరగతిలో మిగిలినదెవరని లెక్కింతురు. ఇరువదిమందిలో ఏడుగురు చచ్చిరి, నలుగురు గాయపడిరి, ఒకడు పిచ్చియాసుపత్రిలో నున్నాడు. బడిలో హాజరు పిలిచినట్లే ఈ లెక్కయు సాగును. గ్రంథకర్త దీనిపై వ్యాఖ్య జోడింపలేదు. జోడింపక మేలు చేసెను.

రెండవది, కథానాయకుడైన పాల్ సెలవుపై ఇంటికి వచ్చి తన గదిలో కూర్చుండుట. చదువుకొనుదినములలో తాను దాచి దాచి కొనిన పుస్తకములు అలమరలో నున్నవి. ఒకదాని పిమ్మట ఒకటి తీయును. అక్షరములు కనబడును గాని మాటలు లోనికి రావు. ఊరిపెద్దలు వానిని బల్లయొద్ద కూర్చుండబెట్టి, ఏయే దేశముల భాగములను కలుపుకొనవలయునో వానికే బోధింతురు. రోగపీడితయైన తల్లి యొక్కతె అచ్చట చాల కష్టమా నాయనా యని అడుగును. వాడు కాదని బొంకును. ఈ మూడు చిత్రములను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు: మూగవోయిన పుస్తకము, వాగుచున్న పెద్దలు, బొంకుచున్న బిడ్డడు. యుద్ధము ఇంటికి చేయు హాని యంతయు ఇందులో నున్నది.

అయినను దోషము చెప్పక తప్పదు. కొంతకాలమునకు కాంటొరెక్ తానే సైన్యమునకు పిలువబడి, తన పాతశిష్యుని చేతిక్రింద కవాతు చేయును. శిష్యుడు గురువు మాటలనే గురువునకు అప్పజెప్పి ఏడిపించును. చదువరి నవ్వును. ఆ నవ్వే మాకు అనుమానము. ఒక్క హాస్యపాత్రను శిక్షించినచో లెక్క తీరినదను భ్రాంతి కలుగును. కాంటొరెక్ ఒక్కడు కాడు. వాని వెనుక పాఠ్యపుస్తకములు, పత్రికలు, సభలు, తండ్రులు గలరు. గ్రంథకర్త ఈ సంగతి ఎరిగియు, కసితీర్చుకొను సుఖమునకు లోబడినట్లున్నది. కాని ఆ గ్రంథము పెద్దలకు తగిలినదనుటకు సాక్ష్యము చరిత్రలోనే యున్నది. 1930లో దాని చలనచిత్రమును బెర్లినులో నాజీలు అల్లరిచేసి ఆపించిరి. 1933లో పుస్తకమును తగులబెట్టిరి. అబద్ధమైన పుస్తకమును తగులబెట్టుటకు ఎవరును అంత శ్రమపడరు.

రెండవ గ్రంథము వీరా బ్రిటన్ అను విదుషి 1933లో ప్రకటించిన స్వీయచరిత్ర, 'టెస్టమెంట్ ఆఫ్ యూత్'. 1914 జూలైలో అపింగ్‌హామ్ పాఠశాలలో జరిగిన వార్షికోత్సవమునకు ఆమె తన తమ్ముడు ఎడ్వర్డు నిమిత్తమై పోయెను. అతని మిత్రుడు రోలండ్ లైటన్ ఆనాడు ఏడు బహుమానములు గెలిచెను. విద్యార్థులు సైనికవేషములతో నిలిచిరి; ప్రధానోపాధ్యాయుడు దేశసేవను గూర్చి ఉపన్యసించెను. మూడు వారములు దాటకమున్నే యూరపు ఖండము రగిలెను. రోలండ్ 1915 డిసెంబరులోను, మూడవ మిత్రుడు విక్టర్ 1917లోను, ఎడ్వర్డు 1918 జూనులోను మరణించిరి. ఆ ముగ్గురిలో ఒక్కడును మిగులలేదు.

రెమార్క్ పుస్తకమునందు అక్కచెల్లెండ్రకు చోటు కొంచెము. ఈ గ్రంథమునందు చూచునదియే అక్క. ఆమె చదువునకై తండ్రితో పోరాడి, స్వయముగా కష్టించి ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో చోటు సంపాదించెను. ఆడుపిల్లకు గడప తెరచుకొన్న ఆ సంవత్సరముననే మగపిల్లలకు మరియొక గడప తెరచుకొనెను. 1915లో ఆమె చదువు మాని దాదిగా సైనికుల ఆసుపత్రులకు పోయెను. 1919లో తిరిగి వచ్చి, సాహిత్యమును విడిచి చరిత్రను పట్టెను. ఇట్లేల జరిగెనో తెలిసికొనవలయునను పట్టుదల ఆ మార్పులో గలదు.

ఈ గ్రంథమున మేము మిక్కిలి గౌరవించు గుణము నిజాయితీ. తమ్ముడు సైన్యమున చేరుటకు తండ్రి అనుమతింపకున్నప్పుడు, తాను తమ్ముని పక్షమున నిలిచితినని ఆమె దాచలేదు. తప్పంతయు ముసలివారిదని చెప్పుట ఆమెకు సులభమే. చెప్పలేదు. చదువుకొన్న పడుచువాండ్ర గుండెలలో గూడ ఆ కాలపు వేడి ఎట్లుండెనో చూపెను. కొన్ని పుటలు సాగదీసినట్లుండుట, ఉత్తరములు మితిమీరుట నిజమే. కాని ఇంటిలోని ఆడువారు ఇట్టి నిర్ణయములలో సాక్షులు మాత్రమే కారనియు, బాధ్యులు గూడననియు ఇంత స్పష్టముగా చెప్పిన పుస్తకములు అరుదు.

మూడవది అమెరికనుడగు జాన్ నోల్స్ నవల, 'ఎ సెపరేట్ పీస్'. ఇది 1959లో మొదట ఇంగ్లండులో ప్రకటితమైనది. గ్రంథకర్త చదివిన ఎక్సెటర్ పాఠశాల పోలికతో కల్పించిన డెవన్ పాఠశాల ఇందులోని రంగస్థలము. 1942 వేసవిలో కథ ఆరంభించును. తుది తరగతివారు సైన్యమునకు సిద్ధపడుచు, మునుగుచున్న ఓడనుండి దూకుటను అభ్యసించుటకై ఏటిగట్టున నున్న చెట్టెక్కి దూకుదురు. వారికంటె చిన్నవారైన జీన్, ఫినియస్ అను మిత్రులును ఆటగా దూకుదురు. ఒకనాడు జీన్ కొమ్మను కదల్చును. ఫినియస్ క్రింద పడి కాలు విరుగగొట్టుకొనును. ఆ పాపము కథ యంతటను వెంటాడును.

ఈ నవలలో యుద్ధము దూరమున నుండియే బడిలోనికి ప్రవేశించు తీరు మెచ్చదగినది. కూలీలు సైన్యమునకు పోయినందున విద్యార్థులే ఆపిలుపండ్లు కోయవలసివచ్చును. రైలుపట్టాలపైని మంచును వారే త్రవ్వుదురు. త్రవ్వినదారిన సైనికులతో నిండిన బండి పోవును. ఆ యేడు నవంబరులో అమెరికా ప్రభుత్వము నిర్బంధ సైనికసేవ వయస్సును ఇరువదినుండి పదునెనిమిదికి దించెను. ఇక ప్రతివాడును పిలుపు రాకమున్నే ఏ దళమున చేరుటయా యని లెక్కలు వేయుచుండును. మంచుపై జారు సైనికుల చలనచిత్రము చూచి, లోకమెరుగని లెపెలియర్ అందరికంటె ముందు చేరును. మతి చెడి పారిపోయి వచ్చును. చదువు ముగియునాటికి పాఠశాల ఆవరణలో ఒక భాగమును సైన్యమునకిత్తురు. పారాచ్యూటులు కుట్టు యంత్రములు అందులోనికి దిగును. 1943లో పట్టా పొందిన బాలుర కన్నులయెదుట జరిగిన వేడుక ఇది.

నోల్స్ మా ప్రశ్నను తానే ఎత్తుకొనెను. యుద్ధమునకు కారకులెవరు? బలిసిన ముసలివారు కల్పించిన నాటకమని ఫినియస్ అనును. బ్రింకర్ అనువాని తండ్రి పాఠశాలకు వచ్చి, ముందుముందు గర్వముతో చెప్పుకొనదగిన సేవ చేయుడని పిల్లలకు హితవు చెప్పును. బ్రింకర్ సిగ్గుపడి, తప్పు తండ్రుల తరమువారిదే యనును. జీన్ ఇరువురిని కాదని, మానవహృదయమునందలి అజ్ఞానమే యుద్ధములకు మూలమని తేల్చును. గ్రంథకర్త పక్షము ఇదియే యని స్పష్టము.

ఇచట మేము గ్రంథకర్తతో విభేదింపవలసియున్నాము. చెట్టుకొమ్మను కదల్చిన అసూయయు, సేనలను కదల్చిన శాసనమును ఒక్క జాతివి కావు. హృదయమున అజ్ఞానమున్నదనుట నిజము. అది ఎల్ల కాలములందు నున్నది. నిర్బంధవయస్సును దించుట మాత్రము ఒక యేట, ఒక నెలలో, ఒక సభలో జరిగినది. తప్పంతయు హృదయముపై పెట్టినచో బాధ్యుడెవడును కనబడడు. బ్రింకర్ తండ్రి కుర్చీలో నిశ్చింతగా కూర్చుండవచ్చును. నాజీలను ఎదిరించుట అవసరము కాదని మేమనుట లేదు. అవసరమైన యుద్ధమునందు సైతము బిడ్డలకు సత్యము చెప్పుట అవసరమే. ఆ తండ్రి చెప్పినదానిలో దేశము లేదు, శత్రువు లేడు, న్యాయము లేదు. రేపటి గొప్పలు మాత్రమున్నవి. తన సిద్ధాంతముకంటె తాను చిత్రించిన ఈ పాత్రయే ఎక్కువ నిజము పలికినదని నోల్స్ గ్రహించినట్లు లేదు.

మూడింటిని కలిపి చూచినప్పుడు మాకు తోచునది ఇది. రెమార్క్ పెద్దలను నిలదీసెను. నోల్స్ బాలుని హృదయమును నిలదీసెను. వీరా బ్రిటన్ పెద్దలతోబాటు తననుగూడ నిలదీసికొనెను. కళావిషయమున రెమార్క్ మొదటివాడు. పొందికయందు నోల్స్ తక్కువవాడు కాడు. గృహమునకు ఉపకరించుటయందు మాత్రము మేము బ్రిటన్ గ్రంథమునకు అగ్రస్థానమిత్తుము.

ఇది గతించిన కథ యని ప్రక్కకు నెట్టుటకు వీలులేదు. ఉక్రెయినులోని ఖార్కివ్ నగరమున 2023 నుండి భూగర్భ రైలుస్టేషనులలో తరగతులు పెట్టిరి. గాజాలో 2024వ సంవత్సరపు హైస్కూలు తుది పరీక్షలు జరుగనేలేదు. అట్టి బాలబాలికల యిండ్లలో ఈ మూడు గ్రంథముల ప్రశ్నయే మరల పుట్టును.

మన యిండ్లలో నేడు అట్టి అక్కర లేకపోవచ్చును. కాని బాలుడు బల్లయొద్ద కూర్చుండి పత్రిక చదువుచుండగా పరదేశముల యుద్ధములను గూర్చి తండ్రి ఆడుమాటలు వాని చెవిని పడుచునే యున్నవి. వీరత్వమును పొగడునప్పుడు ఆసుపత్రిని గూర్చియు చెప్పుచున్నామా? వెనుదీసినవానిని పిరికివాడనక, ఏల వెనుదీసెనో అడుగుచున్నామా? తల్లి అడిగినపుడు నిజము చెప్పుటకు బిడ్డకు చనువిచ్చుచున్నామా? పట్టా చేతికి వచ్చిన బాలునికి బహుమానముగా పుస్తకమిచ్చు గృహస్థులు గలరు. ఈ మూటిలో ఒకదాని నిచ్చి, ఇచ్చుటకు ముందు తాము చదివినచో, ఆ యింట నాలుగు దినములు మంచి మాటలు నడచును.