విత్తనానికి వదిలిన కాయ

పెరట్లోనో మిద్దె మీదో కూరగాయలు పండించుకోవడం నేర్చిన కుటుంబం, ప్రతి తొలకరికీ విత్తనాల పొట్లం కోసం దుకాణానికి వెళ్తున్నంత కాలం, స్వావలంబనలో సగం దూరమే నడిచినట్టు. తక్కిన సగం విత్తనం దాచుకోవడంలో ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి నేర్చుకోదగిన ఆ విద్యకు మొదటి పాఠం, చిత్రంగా, కోయకుండా ఉండటమే.

తెగులు సోకని తీగను ఎంచి, దాని మీద పుష్టిగా ఉన్న కాయకు గుర్తుగా గుడ్డపీలిక కట్టి, అది కూరకు ఎంత నవనవలాడుతూ కనిపించినా తీగ మీదే ముదరనివ్వాలి. సొరకాయ తొక్క చెక్కలా గట్టిపడి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలలాడినప్పుడు విత్తనం సిద్ధమైనట్టు లెక్క, ఆ పరీక్ష పిల్లలకు అప్పగించదగినది. ఎండిన బీరకాయ అడుగు మూత ఊడదీసి దులిపితే నల్లని గింజలు రాలతాయి, మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి పనికొస్తుంది. టమాటా గింజల తీరు వేరు: వాటిని చుట్టి ఉండే జిగురు పొర మొలకను అడ్డుకుంటుంది గనుక, గుజ్జును రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టాలి.

అయితే ఏ కాయ విత్తనమైనా తల్లిలాంటి మొక్కనే ఇస్తుందనుకోవడం పొరపాటు. రెండు వేర్వేరు జనకాలను కలిపి తయారుచేసే సంకర రకాల గింజలు మరుసటి తరంలో తలో దారి పడతాయి, గుణం నిలుపుకునేవి సూటి రకాలు, అంటే తరతరానికీ ఒకే లక్షణాలతో వచ్చేవి. వాటిలోనూ పొడవు సొర, గుండ్రని సొర పక్కపక్కనే పాకితే పురుగులు పుప్పొడిని కలిపేస్తాయి. అందుకే సాయంత్రం విచ్చుకునే సొర మొగ్గలను మధ్యాహ్నమే గుడ్డ సంచులతో కప్పి, విచ్చాక మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు తాకించి, మళ్లీ కప్పి ఉంచడం మంచిది.

ఈ విద్య పుస్తకాలకంటే ముందు ఆడవాళ్ల చేతుల్లో బతికింది. జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమతి దక్కింది, దాని మహిళా సంఘాల సభ్యులు బూడిద, వేపాకు వేసి గంపల్లో కాపాడిన చిరుధాన్యాల విత్తనాలే ఈ మాటకు బలమైన సాక్ష్యం. బూడిద తేమను పీల్చి పురుగును నిలవనివ్వదు. చట్టం కూడా ఈ అలవాటు పక్షానే ఉంది: 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం విత్తనాన్ని దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడం రైతు హక్కు.

విత్తే ముందు పది గింజలను తడిగుడ్డలో మూటగట్టి చూడాలి, వాటిలో ఆరు కూడా మొలవకపోతే ఆ విత్తనం మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. రకం పేరు, సంవత్సరం రాసిపెట్టుకోవాలి: టమాటా, వంగ గింజలు మూడు నాలుగేళ్లయినా పనికొస్తాయి; ఉల్లి విత్తనాన్ని మాత్రం ఏడాది దాటితే నమ్మకూడదు.