తెలుగులో చలనచిత్ర అధ్యయన పరిభాష: ‘దాసి’ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగులో సినిమాను గురించిన రచన విస్తారంగా ఉన్నా, తెరపై కనిపించే, వినిపించే అంశాలను కచ్చితంగా పేర్కొనే పరిభాష ఇంకా స్థిరపడలేదు. వాడుకలో ఉన్న పదాలలో అధికభాగం పనివారి శాఖలను సూచించేవే. తెరపై కలిగే ఫలితాన్ని సూచించేవి తక్కువ. ఈ లోపం విమర్శను ఎలా పరిమితం చేస్తుందో బి. నర్సింగరావు ‘దాసి’ (1988) ఆధారంగా పరిశీలించి, ప్రాథమిక పదాల మధ్య పాటించవలసిన భేదాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: షాట్, టేక్, దృశ్యవిన్యాసం, కూర్పు, నేపథ్యం, కథాలోకం, దాసి.

1. ప్రవేశిక

మెదక్ జిల్లా రేగోడ్ వంటి మండల కేంద్రం నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన పరిశోధక విద్యార్థికి సినిమా కొత్త కాదు. ‘బొమ్మ పడటం’, ‘మొదటాట’, ‘రెండో ఆట’, ‘నేల టికెట్టు’ వంటి ప్రేక్షకుల పదజాలం అతనికి ముందే తెలుసు. సినిమాపై సిద్ధాంతవ్యాసం రాయడానికి పూనుకున్నప్పుడు మాత్రం చేతిలో ఉండే పనిముట్లు సాహిత్య విమర్శవి: ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణలు, పాటల సాహిత్యం. ఇవి అవసరమైనవే. అయితే వీటితో ఆగిపోయిన వ్యాసం సినిమాను చూడకుండా స్క్రిప్టు చదివి కూడా రాయగలిగినదవుతుంది.

ఉమ్మడి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన ‘దాసి’ ఈ సమస్యకు తగిన ఉదాహరణ. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో దీనికి ఐదు లభించాయి: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి (అర్చన), ఛాయాగ్రహణం (అపూర్వ కిశోర్ బీర్), కళాదర్శకత్వం (తోట వైకుంఠం), దుస్తుల రూపకల్పన (సుదర్శన్). ఐదింటిలో మూడు సంభాషణతో, కథతో నేరుగా సంబంధం లేని అంశాలకు వచ్చాయి. కథను మాత్రమే విశ్లేషించే పద్ధతి ఈ మూడింటి గురించి ‘బాగున్నాయి’ అనడం మినహా చెప్పగలిగింది స్వల్పం.

2. టైటిళ్లు ఇచ్చిన పదజాలం

తెలుగు సినిమా టైటిళ్లు గొప్ప పదసంపదను అందించాయి. చిత్రానువాదం, ఛాయాగ్రహణం, కూర్పు, కళ, శబ్దగ్రహణం, నేపథ్య సంగీతం అనేవి పాఠకులకు వివరణ లేకుండానే అర్థమవుతాయి. వీటి స్వభావాన్ని గమనిస్తే, ఇవన్నీ ‘ఎవరు ఏ పని చేశారు’ అన్న ప్రశ్నకు సమాధానాలు. ‘కూర్పు’ ఎడిటర్ బాధ్యతను తెలుపుతుంది. రెండు షాట్లు ఏ సంబంధంతో కలిశాయో తెలుపదు. ‘ఛాయాగ్రహణం’ కెమెరా శాఖను తెలుపుతుంది. కెమెరా ఎంత దూరంలో, ఏ ఎత్తులో, కదులుతూ ఉందా నిలిచి ఉందా అన్నది తెలుపదు. విమర్శకు కావలసినది ఈ రెండో రకం పదాలు.

3. ‘దృశ్యం’ అనే ఒకే పదం

తెలుగు రచనలో ‘దృశ్యం’ అన్న పదం కొన్నిచోట్ల ఫ్రేముకు, కొన్నిచోట్ల షాట్‌కు, మరికొన్నిచోట్ల సీనుకు వాడబడుతున్నది. ఈ మూడూ వేరు. ఒక నిశ్చలచిత్రం ఫ్రేము. కూర్పు పూర్తయిన చిత్రంలో రెండు కట్‌ల మధ్య ఉన్న భాగం షాట్. ఒకే స్థలకాలాలలో సాగే సంఘటన సీను. చిత్రీకరణ సమయంలో కెమెరా నడవడం మొదలై ఆగేవరకు జరిగేది టేక్. ఒకే షాట్ కోసం అనేక టేక్‌లు తీయవచ్చు.

లాంగ్ షాట్, లాంగ్ టేక్ అనే రెండింటినీ ‘దీర్ఘ’ అన్న విశేషణంతో అనువదిస్తే మరో చిక్కు ఏర్పడుతుంది. మొదటిది దూరానికి, రెండోది కాలానికి సంబంధించినది. ‘దూరపు షాట్’, ‘నిడివి టేక్’ అంటే ఈ గందరగోళం తొలగుతుంది. ‘మాంటేజ్’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పరిశ్రమలో ‘మాంటేజ్ పాట’ అంటే పెదవుల కదలిక లేకుండా చిన్నచిన్న షాట్లపై నడిచే పాట. ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’ (1925) దర్శకుడు ఐసెన్‌స్టీన్ సిద్ధాంతంలో మాంటేజ్ అంటే షాట్ల సంఘర్షణ నుంచి కొత్త అర్థాన్ని పుట్టించే పద్ధతి. ఒకదాని స్థానంలో మరొకటి వాడితే వాదమే మారిపోతుంది.

4. ఆహార్యం నుంచి దృశ్యవిన్యాసం వరకు

ఫ్రెంచి నాటకరంగం నుంచి సినిమా అధ్యయనంలోకి వచ్చిన ‘మిజాన్‌సేన్’ అన్న పదం స్థలం, వస్తువులు, దుస్తులు, వెలుతురు, నటుల స్థానాలు, కదలికలు అన్నింటినీ కలిపి సూచిస్తుంది. నాట్యశాస్త్రంలోని చతుర్విధాభినయాలలో ‘ఆహార్యం’ దీనికి దగ్గరిది. కానీ దుస్తులు, అలంకరణ, రంగోపకరణాలకు సరిపోయే ఆ పదం ఫ్రేము హద్దుల లోపలి అమరికను సూచించలేదు. అందువల్ల ‘దృశ్యవిన్యాసం’ అన్న పదం ఉపయోగకరం.

‘దాసి’ నిజాం కాలపు తెలంగాణ గడిలో బతుకు ఈడ్చే కమలాక్షి కథ. దొర వల్ల గర్భవతి అయిన ఆమెకు, ఆ గర్భాన్ని ఉంచుకునే హక్కు సైతం ఉండదు. మితసంభాషణలతో నడిచే ఈ చిత్రంలో ఆమె స్థితిని చెప్పే బాధ్యత ఎక్కువగా గడిదే. ఫ్రేములో ఆమె ఎక్కడ నిలబడుతుంది, దొర ఎక్కడ కూర్చుంటాడు, గడపకు ఏ వైపు ఎవరుంటారు, ఆమె చీరకూ దొరసాని చీరకూ భేదమేమిటి, వెలుతురు ఏ గదిలో ఎవరిపై పడుతుంది అన్న ప్రశ్నలు ఇక్కడ పాత్రచిత్రణకు సంబంధించిన ప్రశ్నలే. వైకుంఠం, సుదర్శన్‌ల పనిని ‘అలంకరణ’గా కాక కథనంగా చదివే వీలు ఈ పదం వల్ల కలుగుతుంది.

5. నేపథ్యం: రెండు భిన్న అర్థాలు

సంస్కృత నాటకంలో ‘నేపథ్యం’ తెర వెనుక చోటు. తెలుగు సినిమా దాని నుంచి ‘నేపథ్య సంగీతం’, ‘నేపథ్య గానం’ అనే రెండు పదాలను తీసుకుంది. వీటి స్వభావం పరస్పర విరుద్ధం. నేపథ్య సంగీతం సాధారణంగా పాత్రలకు వినిపించదు, ప్రేక్షకులకే వినిపిస్తుంది. నేపథ్య గానం గాయకుడి గొంతే అయినా, కథలో పాత్ర పాడుతున్నట్టే లెక్క. ఒకటి కథాలోకానికి వెలుపలిది, రెండోది లోపలిది. ‘నేపథ్య’ శబ్దం నిర్మాణ విధానాన్ని చెబుతున్నది కానీ కథాలోకంతో ఆ ధ్వనికి గల సంబంధాన్ని చెప్పడం లేదు. ‘కథాంతర్గత ధ్వని’, ‘కథాబాహ్య ధ్వని’ అన్న విభజన ఆ కొరతను తీరుస్తుంది.

గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో గద్దర్ తెరపై కనిపించి పాడిన పాటలో గొంతూ ముఖమూ ఒకరివే, ఆ పాట కథలోని జనం మధ్య పుట్టినట్టుగా నిలుస్తుంది. దాని ప్రభావాన్ని సాహిత్యంతో మాత్రమే వివరించడం అసంపూర్ణం.

6. ఒక ఆక్షేపణ

ఈ పదాలన్నీ పాశ్చాత్య చిత్రాల ఆధారంగా రూపొందినవనీ, తెలుగు సినిమాకు సరిపోవనీ వాదించవచ్చు. ఆ వాదంలో కొంత సత్యం ఉంది. ఉదాహరణకు, పాత్ర పాడటం మొదలుపెట్టగానే స్థలం మారి, దుస్తులు మారి, కనిపించని వాద్యబృందం తోడయ్యే యుగళగీతం కథాలోకానికి లోపలిదా, వెలుపలిదా అన్నది తేలదు. అయితే ఈ చిక్కు కనబడాలన్నా ముందుగా ఆ విభజన తెలిసి ఉండాలి. పరిభాషను యథాతథంగా అంగీకరించడం కాక, తెలుగు పాటతో దానిని పరీక్షించడం పరిశోధకుల పని.

7. ముగింపు

ఫ్రేము, షాట్, టేక్, కట్ వంటి పదాలు పరిశ్రమలో స్థిరపడినందున వాటిని అలాగే స్వీకరించడం సముచితం. కూర్పు, ఛాయాగ్రహణం వంటి టైటిళ్ల పదాలను శాఖల పేర్లుగా నిలుపుకోవాలి. దృశ్యవిన్యాసం, కథాంతర్గత ధ్వని వంటి కొత్త పదాలను, ఉన్న పదం రెండు అర్థాలను కలిపేస్తున్న చోట మాత్రమే కల్పించుకోవాలి. తెలుగు శాఖలలో ఈ పరిభాషను నిర్వచనాల పట్టికగా బోధించే బదులు, ‘దాసి’లోని ఒక సీనును షాట్లుగా విడదీసి రాయించడం ప్రయోజనకరం. కమలాక్షి మాట్లాడని చోట చిత్రం ఏమి చెబుతున్నదో విద్యార్థి ఆ అభ్యాసంలోనే గుర్తించగలుగుతాడు.