‘సన్‌బీమ్’ ఓడలో ‘మేము’

సంపన్న దంపతుల విహారయాత్రలతో మనకేమి పని అని కొందరు మిత్రులు అడుగుతారు. తీరిక గలవారు తిరిగారు, చూశారు, రాశారు. రెక్కాడితేగాని డొక్కాడనివారికి వాటిలో దొరికేదేమిటని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ఐతే రచయిత ఏ వర్గంవాడో చెప్పి పుస్తకం మూసేస్తే విమర్శకుడి పని తీరదు. ఆ వర్గం వాక్యంలోకి ఎలా దిగిందో చూపాలి. అందుకనే ఆనీ బ్రాసీ రచించిన ‘ఎ వాయేజ్ ఇన్ ది సన్‌బీమ్’ను ఇక్కడ పరిశీలిస్తున్నాను. 1878లో వెలువడిన ఈ గ్రంథానికి ఇంగ్లండులో చవక ప్రతులు వచ్చాయి, బడిపిల్లల ప్రతి వచ్చింది, ఇతర భాషలలోకి అనువాదాలు జరిగాయి. ఒక తరం ప్రపంచాన్ని ఈ ఓడమీదనుంచి చూసిందంటే అతిశయోక్తి కాదు.

1876 జులై 1న ఆనీ, ఆమె భర్త థామస్ బ్రాసీ, పిల్లలు, మిత్రులు, నౌకర్లు, నావికులు మొత్తం 43 మంది ఈ ఓడలో బయలుదేరారు. రియో, మెజెల్లన్ జలసంధి, తాహితీ, హవాయి, జపాను, చైనా తీరం, సింహళం, సూయజ్, మాల్టా, లిస్బన్ చూసుకొని 1877 మే చివర ఇల్లు చేరారు. 1874లోనూ, 1878లోనూ మధ్యధరా సముద్రంలో కాన్‌స్టాంటినోపుల్ దాకా విహరించారు. ఆ యాత్రల పుస్తకం 1880లో వచ్చింది. 1878లో బ్రిటన్ సైప్రస్‌ను తన పాలనలోకి తీసుకున్న కొద్ది నెలలకే ఈ దంపతులు అక్కడ దిగారు. జెండా ముందు వెళ్లింది. షికారు ఓడ వెనుక వచ్చింది.

ఈ షికారుకు డబ్బు ఎక్కడిది? మామగారు, ఆయన పేరూ థామస్ బ్రాసీయే, ఆ శతాబ్దపు మహా రైల్వే కంట్రాక్టరు. 1847 నాటికి బ్రిటన్ రైలుమార్గాలలో సుమారు మూడోవంతు ఆయన వేయించినవే. ఫ్రాన్సులో, కెనడాలో, 1855లో యుద్ధం నడుస్తున్న క్రిమియాలో, మన దేశంలో కలకత్తానుంచి సాగిన ఈస్టర్న్ బెంగాల్ మార్గంలో ఆయన పనులు జరిగాయి. 1870లో చనిపోయేనాటికి ముప్పై లక్షల పౌన్లకు పైగా ఆస్తి మిగిల్చాడు. పలుగూ పారా పట్టి కట్టలు పోసిన వేలాదిమంది చెమట ఈ విధంగా 532 టన్నుల ఓడగా మారి సముద్రంమీద తేలింది.

అంతకన్నా విశేషం మరొకటుంది. ఆనీ భర్త 1872లో ‘వర్క్ అండ్ వేజెస్’ అనే గ్రంథం రాశాడు. తండ్రి కంట్రాక్టుల లెక్కలనుబట్టి, కూలి రేటు తక్కువైనంతమాత్రాన పని చవక కాదని ఆయన వాదం. అందులో మన దేశపు రైలుపనులు కూడా ఉదాహరణలే. అంటే కూలిమనిషి విలువ తెలియని ఇల్లు కాదది. పెన్నీలలో లెక్కగట్టి తెలిసిన ఇల్లు. కనుక ఓడమీద శ్రామికుడు కనిపించడా అని వెతకడం మనకు న్యాయమే.

కనిపిస్తాడు. ఆనీ నిజాయితీగల రచయిత్రి. ఓడలో ఉన్నవారి పట్టికను నావికులూ వంటవాళ్లతో సహా పుస్తకంలో ఇచ్చింది. కాని కథ మొదలయ్యాక ఒక చిన్న మాట పని చేయడం మొదలుపెడుతుంది. ఇంగ్లీషులో అది ‘వి’. తెలుగువాడికి ఈ మాట దగ్గర కాలు ఆగుతుంది. మనకు ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ‘మేము తెరచాప ఎత్తాము’, ‘మేము లంగరు తీశాము’ అన్నప్పుడు తాళ్లు లాగినది ఖలాసీలు, బొయిలరులో బొగ్గు వేసినది మరెవరో. ‘మేము భోజనానికి కూర్చున్నాము’ అనేసరికి ఆ మేములోనుంచి ఖలాసీలందరూ జారిపోతారు. పని దగ్గర 43 మందిగా ఉబ్బిన మాట భోజనం బల్ల దగ్గర పదిమందికి ముడుచుకుపోతుంది. తెలుగు చేయబూనినవాడు ప్రతి వాక్యం దగ్గరా ఎవరీ ‘మేము’ అని నిలదీయవలసి ఉంటుంది. ఒక మాట మాత్రం భర్త పక్షాన చెప్పాలి. ఆయన ఊరికే ఓడెక్కిన ప్రభువు కాడు. నౌకాధిపతి పరీక్షలో యోగ్యతాపత్రం పొందిన మొదటి షికారు నావికుడు. ఓడ దారి తనే లెక్కగట్టేవాడు.

ఈ వ్యాకరణం ఒకచోట బీటవేసింది. 1876 సెప్టెంబరు 28న పటగోనియా తీరానికి దూరంగా ‘మాంక్స్‌హేవెన్’ అనే ఓడ ఎదురయింది. స్వాన్సీనుంచి వాల్పరైసోకు బొగ్గు మోస్తున్న ఆ ఓడ గర్భంలో నిప్పు రాజుకుంది. అందులోని పదిహేనుమందినీ బ్రాసీలు ఎక్కించుకున్నారు. విహరించే ఓడా, బరువు మోసే ఓడా నడిసముద్రంలో పక్కపక్కన నిలిచిన ఈ ఘట్టమే, నా అభిప్రాయంలో, గ్రంథానికి ప్రాణం. పదిహేను కొత్త నోళ్లు వచ్చేసరికి తిండికీ నీటికీ లెక్క మొదలవుతుంది; తూర్పు పడమరల అందచందాలు పక్కకు పోతాయి. ఎవరెక్కడ పడుకోవాలి, ఎవరికెంత పెట్టాలి అనే గృహిణి చింతలో నావికుడు తొలిసారి ఆకలిగల మనిషిగా కనపడతాడు. మెజెల్లన్ జలసంధిలో ఎదురైన మెయిలు స్టీమరు వారిని తీసుకుపోయింది. పాత ‘మేము’ తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చిందనడానికి రుజువు ఆ జలసంధిలోనే ఉంది. కొయ్యపడవలో వచ్చిన కొందరు అక్కడి మూలవాసులు పొగాకూ రొట్టెముక్కలూ కావాలని కేకలు వేశారు. పూసలకూ కత్తులకూ పొగాకుకూ బదులుగా, ఆ చలిలో తమ ఒంటిమీది తోళ్లనే విప్పి ఇచ్చారు. ఆనీ దీన్ని చక్కగా వర్ణించింది, జాలి కూడా పడింది. తోళ్లు మాత్రం ఓడమీదే ఉండిపోయాయి. ఆమె అబద్ధమాడలేదు, దాచలేదు, చూసినదంతా రాసింది. అయినా జాలికీ బేరానికీ మధ్య ఉన్న సంబంధం ఆమె కంటికి ఆనలేదు. తరువాతి దశాబ్దాలలో ఆ ద్వీపాలలో గొర్రెల మేతబీళ్లకోసం సెల్క్‌నామ్ జాతిని వేటాడి దాదాపు రూపుమాపారు. దానికి ఆనీ బాధ్యురాలని నేననను. కాని ఆ ఎదురుపాటును వినోదంగా చదువుకొనే అలవాటు ఇటువంటి పేజీలలోనే ఏర్పడింది.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు వెళ్లింది కూడా ఇతరుల భుజాలమీదనే. వందమంది పరివారంతో పోయారు. ఆ విషయంలో మనమేమీ గర్వించనక్కరలేదు. ఐతే ఆయన పుస్తకంలో మజిలీ మజిలీకీ ఏ సరుకు దొరుకుతుందో, దారి ఎట్లాంటిదో ఉంటుంది. తరువాత నడిచి వచ్చేవాడిని దృష్టిలో ఉంచుకొన్న రచన అది. ఆనీ రచన తండ్రికి రాసిన ఉత్తరాలనుంచి పెరిగింది. ఇల్లు దాని శ్రోత. ఓడ కూడా ఆమెకు సముద్రంమీది ఇల్లే.

1887 సెప్టెంబరు 14న, ఆస్ట్రేలియా దాటి తిరిగివచ్చే దారిలో, ఆనీ మలేరియాతో ఓడలోనే చనిపోయింది, సముద్రంలోనే సాగనంపారు. ఆఖరి పుస్తకాన్ని ఇతరులు పూర్తిచేయవలసి వచ్చింది. 1916లో ‘సన్‌బీమ్’ను భర్త ఆస్పత్రి ఓడగా వాడుకొమ్మని భారత ప్రభుత్వానికి ఇచ్చాడు, 1929లో దాన్ని విడగొట్టారు. మన విద్యార్థులెవరైనా ఈ గ్రంథాన్ని తెలుగు చేస్తే, వంటవాళ్ల, ఖలాసీల పేర్లున్న ఆ పట్టికను వదలకుండా మొదటి పుటలోనే అచ్చువేయమని నా మనవి.