తుప్పుకు వాన ఒక సాకు

జూన్ వచ్చిందంటే మన హైదరాబాద్ నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పాత కార్ల మీదికి కవర్లు ఎక్కుతాయి. మళ్లీ దసరాకు గానీ దిగవు. ఎంజీబీ లాంటి స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లయితే మరీను, చినుకు పడితే బండి బయటికి తీయరు. భయం సబబైనదే, కానీ నింద పడాల్సింది వాన మీద కాదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో తయారైన ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. తలుపుల కింద పొడుగునా సాగే సిల్స్ కూడా బరువు మోయాలి. వాటి అడుగున నీరు కారిపోయేందుకు రంధ్రాలుంటాయి. దుమ్మూ, ఆకులూ, ఎవరో ఉదారంగా పూసిన అండర్‌కోటింగూ వాటిని మూసేస్తే లోపలి బురద తడిగుడ్డలా రేకును అంటిపెట్టుకుంటుంది. బయట పెయింటు మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే మాత్రం కసుక్కున లోపలికి దిగిపోతుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ ఉండాలి, ఉప్పు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఇలాంటి కార్లను ఎన్నింటినో తినేసింది. విశాఖలోనైతే సముద్రపు గాలే చాలు. మనకు ఆ రెండు బెడదలూ లేవు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. తడిసిన కారును కాసేపు నడిపితే గాలికీ ఇంజన్ వేడికీ చాలావరకు ఆరుతుంది. కవర్ కింద నిలబడ్డ కారు ఆరదు. గాలిలో తేమ 60 శాతం దాటితే రేకు మీద కంటికి కనిపించని నీటిపొర చేరుతుంది, తుప్పుకు ఆ మాత్రం చాలు. జూలై, ఆగస్టుల్లో మన తేమ అంతకు పైనే ఉంటుంది.

పొడి గ్యారేజీలో దాచుకుంటే పోలేదా అంటారు. తేమ లాగే యంత్రం పెట్టుకోగలిగితే అంతకన్నా మేలు లేదు, ఒప్పుకుంటాను. మన సెల్లార్లు అలాంటివా? పక్క కారు కడిగిన నీళ్లు, ర్యాంపు మీంచి జారే వాన, గాలాడని మూల. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే చాలనుకోవడం ఇంకా నష్టం. పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరి చల్లటి సైలెన్సర్‌లో నీరై నిలిచి, దాన్ని లోపలి నుంచే తింటుంది.

అసలు బలమైన అభ్యంతరం భద్రత గురించి. ఏబీఎస్ లేదు, సన్న టైర్లు, బుల్లి వైపర్లు. తొలకరికి రోడ్డు మీది ఆయిలు తేలి జారుడు మొదలవుతుంది. నిజమే, అందుకే వేగం తగ్గించాలి, గట్టిపడ్డ టైర్లు మార్చాలి. కుండపోతలో బయల్దేరమని నేననడం లేదు. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో దించితే ఏ సిల్‌లోకైనా బురద చేరుతుంది, అది వానలో నడపడం కాదు. చట్టం మాటా చూసుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజూ హైటెక్ సిటీ ఆఫీసుకు నడపకూడదు, మెయింటెనెన్స్ కోసం తీయవచ్చు.

కాబట్టి ఈ వానాకాలం ఆ కవర్ తీసేయండి. సిల్ రంధ్రాల్లో సన్న తీగ ఆడించండి. సన్నగా చినుకులు పడుతున్నా సరే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సాగే సర్వీస్ రోడ్డు మీద ఇంజన్, సైలెన్సర్ బాగా వేడెక్కేదాకా తిప్పండి. తెచ్చాక తలుపులు తెరిచి, గాలాడే చోట ఆరనివ్వండి.